తొట్టి గోడ మీద పాచి

ఆదివారం పొద్దున్న మా మనవడు పెరట్లో చేపల తొట్టి దగ్గర బ్రష్షు పట్టుకుని కూర్చున్నాడంటే చాలు, తడి పాచి వాసన కిటికీలోంచి నేరుగా నా మంచం దాకా వస్తుంది. అది నూతిగట్టు వాసనా కాదు, చెరువు వాసనా కాదు. ఎండలో తడిసిన సిమెంటు, సగం కుళ్ళిన జామాకు, చేపల ఒంటి జిగురు, అన్నీ కలిసిన పచ్చి వాసన. మేముండే మోప్కా ఒకప్పుడు బిలాస్‌పూర్ ఊరవతల పల్లె, ఇప్పుడు సందు సందునా మేడలు లేచాయి. అందులో ఒకటి మా వాడిది. ఇంటి వెనక సిమెంటు తొట్టి కట్టించి, ఎరుపూ తెలుపూ మచ్చల చేపల్ని తెచ్చి వేశాడు. వాటిని కోయి అంటారుట. మా రోజుల్లో వాటికి పేరు లేదు, ఎర్రచేపలనేవాళ్ళం. మా వాడికి తెలుగు మాట్లాడడం సగం వచ్చు, చదవడం అసలు రాదు కాబట్టి వాడి ముత్తాత, అంటే మా నాన్న గురించి నేనిక్కడ ఏం రాసినా ఇంట్లో గొడవ రాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరు లోకో షెడ్డుకి ఎంత దగ్గరంటే, బట్టలు ఆరేసే ముందు మా అమ్మ గాలి ఎటు వీస్తోందో చూసుకునేది. చూసుకోకపోతే నాన్న తెల్ల పంచె సాయంత్రానికి బొగ్గు నుసితో బూడిదరంగుకి తిరిగేది. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాని రోజులు. మా లైన్లో ఉన్నవాళ్ళంతా బొబ్బిలి, పాలకొండ, విజయనగరం వైపు నుంచి రైలు ఉద్యోగాలకి వచ్చి పాతుకుపోయిన వాళ్ళే. ఎండాకాలంలో వడగాలి ఆపడానికి తలుపులకి తడిపిన గోనెలు వేలాడదీసేవాళ్ళు, ఆ గోనె వాసనతో పాటు పట్టాల అవతలి నుంచి ఎండబెట్టిన ఇప్పపువ్వు మత్తు వాసన వచ్చేది. వానాకాలంలో అర్పా నది పొంగిందని వింటే పిల్లలం చూడ్డానికి పరిగెత్తేవాళ్ళం, చూసొచ్చి తన్నులు తినేవాళ్ళం. ఆడపిల్లలం గచ్చకాయలు ఆడుతూ ఆడుతూ గూడ్సు బండి వస్తే ఆట ఆపి డబ్బాలు లెక్కపెట్టేవాళ్ళం, లెక్క తప్పినవాళ్ళు ఓడినట్టు. దీపావళికి మా నాయనమ్మ పోకుండలు చేసి పక్క లైన్లో ఛత్తీస్‌గఢీ వాళ్ళింటికి పంపితే, వాళ్ళు తీజా పండక్కి కరకరలాడే ఠేఠ్రీలు పంపేవాళ్ళు. నాయనమ్మ వాటిని పళ్ళు లేని నోట్లో నానబెట్టుకుంటూ, మన జంతికల ముందు ఇవేపాటివని తీసిపారేసేది. చివరి ముక్క మాత్రం ఎవరికీ మిగిల్చేది కాదు.

నాన్న షెడ్డులో వాషౌట్ మేస్త్రీ. ఇంజిన్ కొన్నాళ్ళు తిరిగాక బాయిలర్ లోపల నీటి సున్నం పెచ్చులు కట్టి, అడుగున బురద పేరుకుంటుంది. ఇంజిన్ని చల్లార్చి, నీళ్ళన్నీ దింపేసి, బాయిలర్‌కున్న మూతలు ఊడదీసి, ఇనప ఊచలతో ఆ పెచ్చులు గీకి, పైపుతో నీళ్ళు కొట్టి కడగాలి. ఆ పని చేసే కళాసీల మీద నాన్న పెద్ద. నిలవ నీరంటే ఆయనకి పడదు. ఇంట్లో కుండలో రాత్రి నీళ్ళు మిగిలినా పారబోయించేవాడు. ఆయన కడిగించిన బాయిలర్లో పెచ్చు మిగలదని షెడ్డంతా చెప్పుకునేవారు, ఆ మాట ఆయన మాకు అన్నం తినేటప్పుడల్లా చెప్పేవాడు.

మా ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికి చోటు లేదు. ఉన్నది రెండు గదులు. ముందు వసారాలో నాయనమ్మ అడ్డపొగ పెట్టుకుని, అంటే చుట్ట వెలిగించిన కొస నోట్లోకి తిప్పుకుని, పొగా మాటా ఒకే మూలనుంచి వదులుతూ కూర్చునేది. అత్తగారి ఎదుట మొగుడితో గట్టిగా మాట్లాడిన కోడలికి మా లైన్లో మంచి పేరుండేది కాదు. అందుకని అమ్మ గొంతు నాకు చాలా కాలం గుసగుసగానే గుర్తు. చేపలొచ్చాకే అది మారింది.

అవి ఎలా వచ్చాయంటే, వెనక లైన్లో ఒక గార్డు దొరసాని ఉండేది. ఆవిడకి మా అమ్మ పెట్టే బెల్లం ఆవకాయంటే ప్రాణం. ఆవిడ భర్తకి బదిలీ అయినప్పుడు, కలకత్తా నుంచి తెచ్చి పెంచుకున్న ఎర్రచేపల్ని వెంట తీసుకెళ్ళే దారి లేక, తగరపు డబ్బాతో సహా మా అమ్మ చేతిలో పెట్టేసి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మా పెరట్లో జామచెట్టు కింద ఇటుకలతో కట్టిన పాత తొట్టి ఒకటుండేది, మాకు ముందున్నవాళ్ళు కట్టించుకున్నది. అమ్మ అందులో నీళ్ళు పోసి చేపల్ని వదిలింది. ఒక చేప మొత్తం తెలుపు, నుదుటి మీద మాత్రం ఎర్రటి మచ్చ. దాన్ని బొట్టుచేప అన్నాం.

చేపల్ని పెంచడం అమ్మకేం తెలుసు? మొదట్లో నాయనమ్మ జాలిపడి మిగిలిన చద్దన్నమంతా తొట్టిలో వేస్తే నీళ్ళు పులిసి కొన్ని తేలిపోయాయి. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత తర్వాత చూసి చూసి నేర్చుకుంది. తవుడు ముద్ద చేసి, చేపలు తిన్నంతే వేసేది. చలి ముదిరితే అదీ తగ్గించేది. రాలిన జామాకులు పొద్దునే జాలి గంటెతో ఏరేసేది. రబ్బరు గొట్టం ఒక కొస అడుక్కి దించి, రెండో కొస నోటితో పీల్చి వదిలితే అడుగు మురికంతా నీళ్ళతో పాటు అరటిమొక్కల పాదుల్లోకి పోయేది. అలా పోయినంత మేరకే, ముందురోజు పట్టి ఆరుబయట ఉంచిన నీళ్ళు నెమ్మదిగా మళ్ళీ నింపేది. కుళాయి నీళ్ళు పట్టి పట్టగానే పోయనిచ్చేది కాదు. కలరా రోజుల్లో మందు కలిపిన ఆ నీళ్ళు ముక్కుకి ఘాటుగా తగిలేవి, వాటిని ఇంకా ఎక్కువసేపు ఉంచేది. గోడలకి పట్టిన పచ్చటి పాచిని మాత్రం గోటితో కూడా గీకేది కాదు. ఒకసారి ఒక పక్కంతా తోమేస్తే చేపలు నీరసపడడం కళ్ళారా చూసిందిట. ఆ తర్వాత ఆ జోలికి పోలేదు. నాయనమ్మకి ఇదంతా వింత. కూరకి పనికిరాని సేపలకి ఇంత సేవేటని దెప్పేది. ఎర్రచేపలొచ్చాక అమ్మ చేపల పులుసు వండడం మానేసింది, నాయనమ్మకి కావలసినప్పుడు నాయనమ్మే వండుకునేది.

అమ్మ తొట్టి గట్టు మీద చెయ్యి పెట్టి గాజులు గలగలమనిపిస్తే చేపలన్నీ ఒక్కసారి పైకొచ్చేవి. ముందు బొట్టుచేప, వెనక మిగతావి. సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి ఆవిరి వాసనతో, మసితో వచ్చి, కాళ్ళు కడుక్కునే వంకతో ఆ గట్టు మీద కూర్చునేవాడు. అమ్మ మేత వేసే వంకతో నిలబడేది. వసారాలో ఉన్న నాయనమ్మకి వినిపించనంత దూరం, కనిపించినా తప్పులేని పని. అక్కడ వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. షెడ్డులో ఎవరి వేలు నలిగింది, ఊళ్ళో మామయ్య పొలం పంచుకున్నాడా లేదా, నాకు పరికిణీ గుడ్డ ఏ రంగుది తీసుకోవాలి, అన్నీ అక్కడే తేలేవి. అమ్మ నవ్వడం నేను విన్నది కూడా ఆ తొట్టి దగ్గరే. జామచెట్టు ఎక్కి కూర్చుని వినేదాన్ని. అంతకంటే మంచి చోటు ఆ ఇంట్లో నాకు ఇంకోటి లేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక అమ్మ పురిటికి బొబ్బిలి వెళ్ళింది. నాకు బడి పోతుందని నన్ను ఇక్కడే ఉంచేశారు. వెళ్ళే రోజు సాయంత్రం తొట్టి గట్టు దగ్గర నాన్నకి అన్నీ చెప్పింది. చెట్టు మీంచి నేను విన్నాను.

"గోడకున్న పాచి ముట్టుకోకండి. నీల్లు సగానికి మించి మార్సకండి. ఆటి పేనం అందులోనే ఉంది."

నాన్న అలాగేలే అన్నాడు. ఒకటికి రెండుసార్లు అన్నాడు. అందుకే, ఆయన మర్చిపోయాడని తర్వాత ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. ఆయన మర్చిపోలేదు. నమ్మలేదు, అంతే.

చలికాలం మొదట్లో దొరలు క్వార్టర్ల తనిఖీకి వచ్చేవారు. పెరళ్ళు, మరుగుదొడ్లు, కాలవలు చూసి, అన్నిటికంటే శుభ్రంగా ఉన్న క్వార్టరుకి ఒక ఇత్తడి కప్పు ఇచ్చేవారు. ఎదురు లైన్లో ఫిట్టరు ఒకాయన దాన్ని ఏటా పట్టుకుపోయేవాడు. బాయిలర్లు అద్దంలా కడిగించే మనిషికి సొంత ఇంటి కప్పు రాకపోవడం నాన్నకి ఎప్పటినుంచో ముల్లు. ఆ ఏడు ముందుగా చూసి వెళ్ళిన శానిటరీ ఆయన, అంతా బాగుంది కానీ ఆ తొట్టి ఏమిటి పచ్చగా, దోమలు రావా అన్నాడుట. మా తొట్టిలో దోమపిల్ల బతకదు, చేపలు తినేస్తాయి. ఆ ముక్క నాన్నకి తెలుసు. అయినా చెప్పలేదు.

ఆదివారం నాడు ముగ్గురు కళాసీల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇనప బ్రష్షులు, ఊచలు, చాకలి సోడా, షెడ్డు నుంచి పొడుగాటి పైపు. నేను పరిగెత్తుకెళ్ళి, "అమ్మ వొద్దంది నాన్నా" అన్నాను. "మీ అమ్మకేటి తెలుసే, బాయిలర్లు కడిగినోడిని నాను" అన్నాడు, నవ్వుతూనే. చేపల్ని బట్టలు తడిపే తొట్లో వేశారు. నీళ్ళన్నీ దింపేశారు. ఇంజిన్ లోపల పెచ్చు గీకినట్టే గోడలు గీకారు. పచ్చటి పాచి పొరలు పొరలుగా ఊడి కాలవలో పడింది. సోడా వేసి తోమారు, పైపుతో కొట్టారు, మళ్ళీ తోమారు. ఇటుక ఎర్రగా, కొత్తదానిలా బయటపడింది. కుళాయికి పైపు తగిలించి తిన్నగా తొట్టి నింపారు. చేపల్ని వదిలారు.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం అది చాలా అందంగా ఉంది. నీళ్ళ అడుగున ఇటుకల మధ్య గీతలు కూడా కనిపించాయి. బొట్టుచేప గాలిలో ఆగినట్టుంది. లైన్లో వాళ్ళంతా వచ్చి చూశారు. నాన్న గట్టు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మర్నాడు దొర వచ్చి, తొట్టి ముందు నిలబడి తలాడించి, కప్పు మాకే ఇచ్చేశాడు. అప్పటికే చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. దొర వాటిని చూసి, పలకరిస్తున్నాయనుకున్నాడో ఏమో, నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు.

ఆ వారం తిరక్కుండా అన్నీ పోయాయి. బొట్టుచేప అన్నిటికంటే చివర పోయింది. నాన్న వాటిని జామచెట్టు మొదట్లో పాతిపెట్టాడు. ఆ పూట ఆయన మీద నాకు జాలి వేసి ఉండాల్సింది. వేయలేదు, ఈ రోజుకీ వేయదు. తర్వాత్తర్వాత బంధువుల దగ్గర, మా ఆడది వచ్చేసరికి తళతళలాడించి చూపిద్దామని చేశానండీ అని చెప్పుకునేవాడు. అమ్మ కోసం చేయలేదు. కప్పు కోసం చేశాడు. నేను పక్కనే ఉన్నాను, ఆ మొహం చూశాను.

శివరాత్రి దాటాక అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని వస్తోందని కబురొచ్చింది. అప్పుడు మొదలైంది నాన్నకి కంగారు. నాన్నా నాయనమ్మా వసారాలో కూర్చుని ఆలోచించి, అర్పా నదిలో చేపలు పట్టే కేవట్ ఆవిడ దగ్గర బతికున్న చేపపిల్లల్ని బుట్టెడు కొని తొట్టిలో వేశారు. బూడిదరంగు చేపలు. ఎరుపు లేకపోతేనేం, ఈదితే చాలదా అంది నాయనమ్మ. పెద్దవాళ్ళు ఇంత తెలివితక్కువగా ఉండగలరని నాకు తెలిసింది ఆ రోజే.

అమ్మ వచ్చింది. స్నానం చేసి, పిల్లాణ్ణి నాయనమ్మ ఒళ్ళో పెట్టి, తవుడు ముద్ద చేసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఊళ్ళో మేనమామలు పెట్టిన కొత్త గాజులు చేతినిండా ఉన్నాయి. గట్టు మీద చెయ్యి పెట్టి గలగలమనిపించింది. ఏమీ పైకి రాలేదు. అడుగున బూడిదరంగు చేపలు చెల్లాచెదరుగా మూలలకి పారిపోయాయి. అమ్మ ఇంకోసారి గాజులు కదిపింది. తర్వాత వంగి గోడ తడిమి చూసింది.

"ఏటి సేసినారు?"

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "సుబ్బరం సేసినాను. కప్పొచ్చింది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ కొంగు నడుముకి బిగించి, బాలింతరాలని నాయనమ్మ మొత్తుకుంటున్నా వినకుండా, జల్లెడతో ఆ నది చేపల్ని ఒక్కటీ వదలకుండా పట్టింది. బూడిద వేసి తోమి, కోసి, చింతపండు పోసి పులుసు పెట్టింది. ఇల్లంతా మెంతుల వాసన. నాన్న కంచంలో అన్నం పెట్టి, పులుసు పోసి, తలుపుకి ఆనుకుని నిలబడింది. నాన్న తల ఎత్తకుండా, ముళ్ళు ఒక్కోటీ ఏరి కంచం అంచున పెట్టుకుంటూ తిన్నాడు. తినడం అయిపోతుండగా అమ్మ నా వైపు తిరిగింది.

"ఇంకో ముక్క ఏసుకోమని మీ నాన్నకి సెప్పు."

నాన్న నాకు మూరెడు దూరంలో ఉన్నాడు, అమ్మకి బారెడు దూరంలో. నేను చెప్పాను. ఆయన వేయించుకుని తిన్నాడు. ఆ రోజు నుంచి అమ్మ నాన్నతో నేరుగా మాట్లాడలేదు. అన్నం వేళకి పెట్టింది, బట్టలు ఉతికింది, ఇంకో ఇద్దరు పిల్లల్ని కూడా కంది. ఏ లోటూ లేదు, ఎవరూ వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. మాట మాత్రం నా మీదుగానో, తమ్ముడి మీదుగానో, ఎవరూ లేకపోతే గోడ మీదుగానో వెళ్ళేది. తొట్టిలో బొగ్గు పోసుకున్నాం. కప్పుని నాన్న అటక మీద అందరికీ కనిపించేలా పెట్టాడు. శుక్రవారం శుక్రవారం ఇంట్లో ఇత్తడంతా చింతపండుతో తళతళలాడేలా తోమే అమ్మ, ఆ ఒక్క కప్పు మీద చెయ్యి వేయలేదు. అది నెమ్మదిగా పచ్చగా కిలుం పట్టింది.

ఆడపిల్లని, పెళ్ళయినా ఈ ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి, ఆ రాయబారం నాకు చివరిదాకా తప్పలేదు. ఇంటి సంగతులు, మందుల సంగతులు, పెళ్ళి సంబంధాల సంగతులు, అన్నీ మోశాను. ఒకరి మాట ఇంకొకరికి అందించే పని పిల్లలకి సరదా అనుకుంటారు. నాకు ఆ ఇద్దరి మీదా కోపం వచ్చేది. ఆయన మీద, ఆవిడ చెప్పింది వినలేదని. ఆవిడ మీద, నన్ను గొట్టంలా వాడుకుందని.

నాన్న రిటైరై, క్వార్టరు ఒప్పజెప్పి, అద్దె ఇంట్లో ఉండగా మంచం పట్టాడు. జ్వరం తలకెక్కిన ఒక మధ్యాహ్నం, పక్కన తడిగుడ్డ పిండుతున్న అమ్మ వైపు చూసి, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆవిడతోనే అన్నాడు.

"తొట్టిలో నీల్లు మార్సినావేటి?"

ఆ ఇంట్లో తొట్టి లేదు. అమ్మ చేతిలో గుడ్డ ఆగింది. ఆయన నుదురు ఆవిడ చేతికి అందేంత దగ్గరలో ఉంది. ఇప్పుడైనా మాట్లాడుతుందని నేను ఎదురుచూశాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"సగమే మార్సినానని మీ నాన్నకి సెప్పు."

చెప్పాను. విన్నాడో లేదో తెలీదు. కళ్ళు మూసుకున్నాడు. అమ్మ గుడ్డ ఆయన నుదుటి మీద వేసి, అంచులు సరిచేసి, ఇంకో గుడ్డ తడపడానికి వెళ్ళింది. ఆ వారంలోనే ఆయన పోయాడు.

ఇప్పుడా లైను లేదు. క్వార్టర్లు పడగొట్టి మేడలు కట్టారు, జామచెట్టు ఉన్నచోట మోటారు సైకిళ్ళు పెట్టుకునే షెడ్డు. ఆవిరి ఇంజిన్లు పోయాయి, వాటితో పాటు బాయిలర్లూ, వాటిని కడిగే మేస్త్రీలూ పోయారు. అడ్డపొగ తాగే ముసలమ్మ ఒక్కరూ కనిపించరు. కప్పు నా దగ్గరుంది. పాలిష్ చేయించనా నానమ్మా అని మా మనవడు అడుగుతాడు, వద్దంటాను, వాడికి ఎందుకో చెప్పను.

ఈ పొద్దున్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వాడు సగం నీళ్ళే తీశాడు. బ్రష్షుతో తొట్టి గట్టు మాత్రం తోమాడు, లోపలి గోడ పాచి ముట్టుకోలేదు. ఫోనులో చూసి నేర్చుకున్నాడుట. కుళాయి నీళ్ళలో ఏదో పొడి చెంచాడు కలిపి పోశాడు, అది వేస్తే నీళ్ళని రాత్రంతా ఉంచక్కర్లేదుట. మా ఇల్లంతా మూగబోయిన విషయం, ఇంత చిన్న పని. పాచి ఎందుకు ఉంచావురా అని అడిగితే, "అరే నానమ్మా, జాన్ తో ఉసీమే హై" అన్నాడు, ప్రాణం అందులోనే ఉంది కదా అని. వాడి ప్రాణం అందులో ఉన్నట్టు కాదు, మామూలుగా, పాలు పొంగాయన్నట్టు అన్నాడు. ఎన్నో ఏళ్ళు నేను మోసిన అమ్మ మాట, హిందీలో.

వాడి పెళ్ళాం టీ కప్పులు పట్టుకొచ్చి గట్టు మీద కూర్చుంది. వాడు కాళ్ళు కడుక్కుంటూ ఏదో చెప్పాడు. ఆ పిల్ల పగలబడి నవ్వింది, ఎవరు వింటారోనని ఏ భయమూ లేకుండా. చేపలు పైకొచ్చాయి. నాకు సంతోషం వేయాలి. నా ఇంటి పిల్లలు, నా కళ్ళెదుట, హాయిగా ఉన్నారు. కానీ వేయలేదు. అది మా అమ్మ నవ్వాల్సిన నవ్వు అనిపించింది. లేచి కిటికీ మూసేశాను.